గచ్చు కింద గొట్టాలు: నేలను వెచ్చబరిచే ఏర్పాటు ఏ ఇంటికి తగును?

గది నేల లోపల వేడినీటి గొట్టాలు గానీ విద్యుత్ తీగలు గానీ పరిచి, నేలనంతటినీ గోరువెచ్చగా ఉంచి, దాని ద్వారా గదిని వెచ్చబరిచే పద్ధతిని అండర్‌ఫ్లోర్ హీటింగ్ అంటారు. ఇందులో వేడి చాలావరకు కిరణాల రూపంలో నేల నుంచి నేరుగా ఒంటికీ గోడలకూ సామానుకూ చేరుతుంది. మిగతాది నేలను తాకి వెచ్చబడి పైకి లేచే గాలి ద్వారా అందుతుంది. కాళ్ళకు వెచ్చగా, తలకు కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి గది గాలి ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా ఉన్నా మనిషికి హాయిగానే తోస్తుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, పూజకూ భోజనానికీ నేల మీదే కూర్చుని, పసిపిల్లల్ని నేల మీదే ఆడించే తెలుగు కుటుంబాలకు ఈ హాయి మరీ తెలుస్తుంది. చలిదేశాల్లో దీనికి అలవాటుపడినవారు కృష్ణా డెల్టాలోని సొంతూళ్ళలో పెద్దవాళ్ళకు ఇల్లు కట్టించేటప్పుడు ఇక్కడా పెట్టించవచ్చా అని అడగడం సహజం. ఆ చలిదేశాల్లోనే ఇల్లు కొనేవారికీ ఇదే సందేహం వస్తుంది. ప్రశ్న ఒకటే అయినా జవాబును నిర్ణయించేది ఊరి వాతావరణం, ఇంటి కట్టడం, కాళ్ళ కింద ఉన్న మట్టి.

ఈ ఏర్పాటు రెండు రకాలు. మొదటిదానిలో సుమారు 16 మిల్లీమీటర్ల వ్యాసమున్న ప్లాస్టిక్ గొట్టాలను 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడంతో వంపులు వంపులుగా పరిచి, పైన సిమెంటు గచ్చు పోస్తారు. గొట్టాల్లో 35 నుంచి 45 డిగ్రీల నీరు తిరుగుతూ ఉంటుంది. రెండోదానిలో టైల్ కింద జిగురు పొరలోనే సన్నటి విద్యుత్ తీగల చాప పరుస్తారు; అది చదరపు మీటరుకు 100 నుంచి 150 వాట్ల కరెంటు తీసుకుంటుంది. రెండింటికీ ఒకే హద్దు ఉంది. మనుషులు మసలే చోట నేల ఉష్ణోగ్రత 29 డిగ్రీలు దాటకూడదని ఐరోపా ప్రమాణం చెబుతుంది. స్నానాలగదికి 33 వరకు వెసులుబాటు ఉంది. తొలినాళ్ళలో నేలను మితిమీరి వేడిచేయడం వల్ల కాళ్ళు మంటలెత్తడం, బరువెక్కడం వంటి ఫిర్యాదులు వచ్చాయి. ఆ అనుభవం నుంచే ఈ హద్దు ఏర్పడింది. గది 20 డిగ్రీల దగ్గర, నేల 29 దగ్గర ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు నేల ఇచ్చే వేడి సుమారు 100 వాట్లు. కిటికీ సందుల్లోంచీ గోడల్లోంచీ అంతకన్నా ఎక్కువ వేడి పోగొట్టుకునే పాత ఇంటికి నేల ఒక్కటే చాలదు.

ఆలోచన చాలా పాతది. రోమన్లు స్నానశాలల నేలను ఇటుక స్తంభాల మీద ఎత్తి, కింద పొగనూ వేడిగాలినీ పారించారు. కొరియా ఇళ్ళలో వంటపొయ్యి పొగ రాతి పలకల కింది సొరంగాల గుండా వెళ్ళి గదిని వెచ్చబరిచేది. ఆ పద్ధతి పేరు ఓండాల్, ఇప్పుడు అక్కడి అపార్ట్‌మెంట్లలో అదే పేరుతో వేడినీటి గొట్టాలు ఉంటున్నాయి. మన దేశంలో దీని అసలు చోటు కాశ్మీరు. అక్కడి మసీదుల్లో, కొన్ని పాత ఇళ్ళలో హమామ్ అనే గది ఉంటుంది. రాతి పలకల నేల కింద కట్టెలు కాలుస్తారు, ఆ మంటకే రాగి తొట్టిలో నీళ్ళు కూడా కాగుతాయి. అమెరికాలో వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930లలో చిన్న ఇళ్ళకు ఈ పద్ధతిని తెచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం తరువాత న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో వేల ఇళ్ళ కాంక్రీటు నేలల్లో రాగి గొట్టాలు పూడ్చారు. కాలక్రమంలో చాలా ఇళ్ళలో అవి కారడంతో పద్ధతికే చెడ్డపేరు వచ్చింది. తిరిగి నమ్మకం కలిగించింది పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టం. తుప్పు పట్టదు, నేల లోపల అతుకు లేకుండా ఒకే చుట్టగా పరచవచ్చు.

కృష్ణా డెల్టా దిగువన, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల మధ్య ఉన్న ఇంటికి నేల వేడి అవసరమా అన్నదానికి లెక్క సూటిగానే ఉంది. మచిలీపట్నంలో జనవరి తెల్లవారుజామున సగటు ఉష్ణోగ్రత 19, 20 డిగ్రీల దగ్గర, మధ్యాహ్నం 28 దగ్గర ఉంటుంది. ఇటుక గోడల ఇంట్లో రాత్రిపూట నేల ఆరుబయటి గాలి అంత చల్లబడదు. చెప్పులు లేని పాదానికి రాతి నేల 26 నుంచి 28.5 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉంటుందని ప్రయోగాలు తేల్చాయి; చెక్క, తివాచీ అయితే ఇంకా తక్కువున్నా సరిపోతుంది. ఈ ప్రాంతంలోదే అయిన కూచిపూడిలో గ్రానైట్ పరిచిన గది సంక్రాంతి రోజుల్లో ఆ హద్దుకు కొద్దిగా కిందికి జారుతుంది, అదీ కొద్ది వారాలు, పొద్దుటి పూట. ఆ కొద్ది గంటల కోసం గచ్చు కింద యంత్రాంగం పూడ్చడం డబ్బు వృథా. కీళ్ళనొప్పులున్న పెద్దవాళ్ళ మంచం పక్కన మందపాటి చాప గానీ తివాచీ గానీ వేస్తే, పాదానికి తగిలే చల్లదనం అక్కడికక్కడే పోతుంది. విశాఖ మన్యంలోని లంబసింగిలో శీతాకాలపు రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతాయి కాబట్టి అక్కడి మాట వేరు. అక్కడ కూడా ముందు చలిగాలి చొరబడే సందులు మూయించుకోవాలి, గొట్టాల ఆలోచన ఆ తరువాతే.

డెల్టాలో ఈ ఏర్పాటు అనవసరం మాత్రమే కాదు, ఇంటికి ఉన్న ఒక మేలును పోగొడుతుంది. భూమి లోతున ఉష్ణోగ్రత ఏడాది పొడవునా ఆ ఊరి వార్షిక సగటుకు దగ్గరగా నిలుస్తుంది. మచిలీపట్నం ప్రాంతంలో ఆ సగటు సుమారు 28 డిగ్రీలు. మే నెలలో బయట 38 డిగ్రీలున్న మధ్యాహ్నం కూడా కింది అంతస్తు నేల భూమిని ఆనుకుని ఉంటుంది కాబట్టి గాలి కంటే చల్లగానే ఉంటుంది. మనిషి చర్మం 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి కడప బండ మీద వీపు ఆన్చగానే ఒంట్లో వేడి రాతిలోకి దిగిపోతుంది. డెల్టా ఇళ్ళలో వేసవి మధ్యాహ్నాలు మంచం వదిలి వట్టి నేల మీద పడుకోవడం వెనుక ఉన్నది ఇదే. అండర్‌ఫ్లోర్ హీటింగ్ పెట్టాలంటే వేడి భూమిలోకి పోకుండా గొట్టాల కింద థర్మాకోల్ వంటి ఇన్సులేషన్ తప్పనిసరి. ఏడాదిలో కొద్ది వారాల వెచ్చదనం కోసం వేసిన ఆ పొర, మిగతా నెలలన్నీ భూమి చల్లదనాన్ని ఇంట్లోకి రానివ్వదు. ఈ ఒక్క కారణం చాలు, డెల్టాలో కింది అంతస్తుకు దీన్ని కాదనడానికి.

అయితే అవే గొట్టాల్లో చల్లని నీరు తిప్పి వేసవిలో ఇంటిని చల్లబరచవచ్చు కదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఇది తీసిపారేయదగ్గది కాదు. తెలుగునాట దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. హైదరాబాదు శివారు పోచారంలో ఇన్ఫోసిస్ సంస్థ 2011లో పూర్తిచేసిన ఒక కార్యాలయ భవనాన్ని రెండు సమభాగాలుగా కట్టారు. ఒక భాగానికి మామూలు సెంట్రల్ ఏసీ పెట్టారు. రెండో భాగానికి కాంక్రీటు శ్లాబుల్లోనే గొట్టాలు పూడ్చి చల్లనీరు తిప్పారు. ఒకే కప్పు కింద, ఒకే రకం పని జరిగే చోట రెండు పద్ధతులను పక్కపక్కన కొలిచిన అరుదైన సందర్భం ఇది. 2014లో ప్రచురించిన కొలతల ప్రకారం గొట్టాల భాగానికి మూడో వంతు కరెంటు తక్కువ పట్టింది. కట్టుబడి ఖర్చు కూడా పెరగలేదు. నీరు గాలికన్నా ఎన్నో రెట్లు సులువుగా వేడిని మోసుకుపోతుంది, పైగా గొట్టాలకు మరీ చల్లని నీరు అక్కర్లేదు. ఆదా అయిందంతా ఈ రెండింటి వల్లనే.

ఈ విజయాన్ని కూచిపూడికి తెచ్చుకోవడానికి అడ్డు నిలిచేది తేమ. గాలిలోని ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర నీరుగా మారడం మొదలవుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. ఏ ఉపరితలమైనా అంతకన్నా చల్లబడితే దాని మీద చెమ్మ పడుతుంది. గాలి 35 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే డ్యూ పాయింట్ 26 డిగ్రీలు. వాన కురిసి గాలి 30 డిగ్రీలకు దిగి, తేమ 80 శాతానికి పెరిగినా డ్యూ పాయింట్ మళ్ళీ అక్కడే ఉంటుంది. సముద్రపు గాలి వీచే దివిసీమలో మే నుంచి అక్టోబరు దాకా రోజుల తరబడి ఇదే పరిస్థితి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల గాలి పొడిది కాబట్టి ఈ చిక్కు అక్కడ అంతగా ఎదురుకాదు. పైగా పోచారం భవనానికి కిటికీలు బిగించి, బయటి గాలిని ముందే తేమ తీసి లోపలికి పంపుతారు.

లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. చల్లని నేల ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు సుమారు 7 వాట్ల వేడిని మాత్రమే పీల్చుకుంటుంది. కిటికీలు తెరిచి ఉండే డెల్టా ఇంట్లో చెమ్మ పట్టకుండా ఉండాలంటే నేలను 27 డిగ్రీల కిందికి దించకూడదు. గది 32 డిగ్రీలున్నప్పుడు అది 35 వాట్లు పీల్చవచ్చు. గది 28కి దిగేసరికి 7 వాట్లే. ఎండకు కాగిన వట్టి కాంక్రీటు శ్లాబు పైనుంచి పంపే వేడి దానికి ఎన్నో రెట్లు. అంటే యంత్రం నడుస్తూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. నేలను 20 డిగ్రీలకు దించితే చల్లబడుతుంది గానీ, తలుపు తీసిన ప్రతిసారీ టైళ్ళ మీద నీరు పేరుకుంటుంది. నునుపు టైల్ మీద సన్నటి నీటిపొర ఉంటే పెద్దవాళ్ళు జారిపడి తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. ఇది ఊహించి భయపెట్టే మాట కాదు, చెమ్మ పట్టిన నేల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉన్న ప్రమాదమే.

తేమ దేశంలో నేలను చల్లబరచడం అసాధ్యమని కూడా అనలేం. డెల్టాకు ఏమాత్రం తీసిపోని ఉక్కపోత ఉన్న బ్యాంకాక్‌లో 2006లో తెరిచిన సువర్ణభూమి విమానాశ్రయంలో విశాలమైన నేలల కింద చల్లనీటి గొట్టాలున్నాయి. నేల మీద పడే ఎండ వేడిని అవి అక్కడికక్కడే లాగేస్తాయి. కానీ ఆ భవనం మూసి ఉంటుంది, తేమ తీసిన గాలిని నేల మట్టంలో నిరంతరం వదులుతారు, కాపలాకు ఇంజనీర్లుంటారు. పొద్దున వాకిలి తలుపు తీస్తే రాత్రి దాకా వేయని ఇంటికి, కరెంటు పోయినప్పుడు కిటికీలే దిక్కైన ఊరికి అది కుదిరే ఏర్పాటు కాదు. తేమ తీసే యంత్రం ఎలాగూ కొనాల్సి వస్తే, ఆ పనిని పడకగదిలో మంచి ఇన్వర్టర్ ఏసీ ఒక్కటే చేస్తుంది, నేలను తవ్వనక్కర్లేదు.

నిజానికి దిగువ డెల్టాలో నేల గురించి ఇల్లు కట్టేవారు పెట్టాల్సిన శ్రద్ధ వేడి మీద కాదు, నిమ్ము మీద. ఈ ప్రాంతమంతా కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు, నల్లరేగడి. భూగర్భజలం పైపైనే ఉంటుంది, తీరానికి దగ్గరయ్యేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. పునాది ఇటుకల సన్నటి రంధ్రాల గుండా నీరు పైకి పాకుతుంది, దానితోపాటు ఉప్పూ ఎక్కుతుంది. నీరు ఆరిపోయాక ఉప్పు గోడలో మిగిలి స్ఫటికాలై ఉబ్బి, ప్లాస్టరింగును పెచ్చులు పెచ్చులుగా రాలుస్తుంది. గోడ చౌడు బారిందని జనం చెప్పుకునేది దీన్నే. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా పోసిన నేల కొన్నేళ్ళకు కుంగి పగులుతుంది. అలా కదిలే నేలలో గొట్టాలు పూడిస్తే పగులు దగ్గర అవి లాగుడుకు గురవుతాయి. హీటింగు వద్దనడానికి ఇదీ ఒక కారణమే.

ఇందుకు చేయాల్సినవి మేస్త్రీలకు తెలిసినవే, ఖర్చు తగ్గించే తొందరలో వదిలేసేవే. బేస్‌మెంటును ఊరి వరద మట్టానికీ రోడ్డు మట్టానికీ పైకి లేపాలి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో ఊళ్ళనే తుడిచిపెట్టింది. సముద్రం అలా మీదికి వచ్చే చోట బేస్‌మెంటు ఎత్తు ఒక్కటే ప్రాణాలు కాపాడదు గానీ, ఏటా వచ్చే ముంపుకు అదే మొదటి రక్ష. లోపల నల్లమట్టి కాకుండా ఇసుక నింపి, నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టించాలి. గోడ పునాది దాటే చోట నిమ్మును ఆపే డీపీసీ పొర తెగకుండా వేయించాలి. నేల కాంక్రీటు కింద మందపాటి పాలిథిన్ పట్టా పరిస్తే పాకే నీరు అక్కడే ఆగుతుంది. పట్టా సన్నం కాబట్టి భూమి చల్లదనానికి అడ్డురాదు. నీటిని మాత్రం ఆపుతుంది. పైన పరిచే రాయి విషయంలో, కాస్త గరుకుగా ఉండే కడప బండలూ తాండూరు బండలూ అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైళ్ళకన్నా పెద్దవాళ్ళకు క్షేమం. రెడ్ ఆక్సైడ్ గచ్చు చేసే పనివాళ్ళు అరుదైపోయారు గానీ, దొరికితే దానంత చల్లని, అతుకులు లేని నేల మరొకటి లేదు.

వేడి తగ్గించడానికి పెట్టదలచిన డబ్బు డాబా మీద పెట్టాలి. మే నెల మధ్యాహ్నం వట్టి శ్లాబు పైభాగం 60 డిగ్రీల దాకా కాగుతుంది, సాయంత్రానికి ఆ వేడి కిందికి దిగి రాత్రంతా మంచం మీదికి ప్రసరిస్తుంది. ఎండను చాలావరకు తిప్పికొట్టే తెల్లటి పూత, సున్నమైనా కూల్ రూఫ్ పెయింట్ అయినా, ఈ వేడిని మొదట్లోనే ఆపుతుంది. 2018లో కేంద్రం తెచ్చిన నివాస భవనాల ఇంధన ప్రమాణం ‘ఎకో నివాస్ సంహిత’ పైకప్పు గుండా దిగే వేడికి ఒక హద్దు పెట్టింది. ఇన్సులేషన్ లేని మామూలు శ్లాబు గుండా దిగేది ఆ హద్దుకు రెండు రెట్లకు పైనే. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్ళకూ దాన్ని తప్పనిసరి చేసింది. తీరాంధ్రకు ఇలాంటి నియమం అంతకన్నా అవసరం. హైదరాబాదులో రాత్రి చల్లగాలి వస్తుంది; మచిలీపట్నంలో మే నెల రాత్రి 27, 28 డిగ్రీల కిందికి దిగడమే కష్టం.

ఇక చలిదేశాల్లోని తెలుగు ఇళ్ళ సంగతి. అక్కడ ఈ ఏర్పాటు మీద ఉన్న మంచి అభిప్రాయం చాలావరకు న్యాయమైనదే, కానీ ప్రతి ఇంటికీ వర్తించదు. మొదట చూడాల్సింది కొత్త ఇల్లా, పాత ఇల్లా అన్నది. పునాది మీద కాంక్రీటు పోసేటప్పుడే గొట్టాలు వేయిస్తే అదనపు పని తక్కువ. కాపురముంటున్న ఇంట్లో అయితే ఉన్న నేలను పగలగొట్టాలి, లేదా 15, 20 మిల్లీమీటర్ల పలచటి పలకలు పైన పరిచి తలుపులు కోసి, మెట్ల ఎత్తులు సరిచూడాలి. చెక్క దూలాల మీద కట్టిన అమెరికా ఇళ్ళలో కింది నుంచి దూలాల మధ్య గొట్టాలు బిగించే పద్ధతి ఉంది; వేడిని పరిచే అల్యూమినియం రేకులు లేకుండా అలా బిగిస్తే నేల చారలు చారలుగా వెచ్చబడుతుంది.

రెండోది వేసవి. డాలస్‌లో, ఆ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో స్థిరపడినవారికి ఏసీ లేకుండా గడవదు, ఏసీకి గాలి గొట్టాలు ఎలాగూ ఉంటాయి. శీతాకాలంలో అవే గొట్టాల్లో వెచ్చటి గాలి పంపవచ్చు కాబట్టి, నేల వేడి అక్కడ రెండో ఖర్చు. 2021 ఫిబ్రవరి మంచుతుపానులో టెక్సాస్ కరెంటు వ్యవస్థ విఫలమైనప్పుడు లక్షల ఇళ్ళు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. మందపాటి కాంక్రీటు నేల దాచుకున్న వేడి అలాంటప్పుడు కొన్ని గంటలు ఆదుకుంటుంది, నీటిని తిప్పే పంపు మాత్రం కరెంటు లేకపోతే ఆగిపోతుంది. టొరంటో, మిషిగన్, ఉత్తర ఐరోపాలలో లెక్క తిరగబడుతుంది. అక్కడ ఏడాదిలో సగానికి దగ్గరగా ఇల్లు వేడి చేయాల్సిందే కాబట్టి, కొత్త ఇంటికి నేల వేడి నిజంగా ఆలోచించదగ్గది.

మూడోది, అన్నిటికన్నా బరువైనది, నీటిని కాచే యంత్రం. గోడ రేడియేటర్లకు పాత పద్ధతిలో 70 డిగ్రీల నీరు కావాలి. నేలకు 35 చాలు. హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని లోపలికి తోడే యంత్రం. తోడాల్సిన ఎత్తు తగ్గేకొద్దీ దాని శ్రమ తగ్గుతుంది. 35 డిగ్రీల నీరు అడిగితే మామూలు చలిలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 4 యూనిట్ల వేడి ఇస్తుంది, 55 డిగ్రీలు అడిగితే 3 లోపే. ఇంగ్లండులో 2022 నుంచి కొత్తగా వేసే నీటి హీటింగు ఏర్పాట్లను 55 డిగ్రీలు దాటని నీటికే రూపొందించాలన్న నియమం వచ్చింది. నేల వేడి ఆ నియమానికి సహజంగానే ఇముడుతుంది. అమెరికాలో నీటిని వేడిచేసే హీట్ పంపులు ఐరోపాలో ఉన్నంత విరివిగా లేవు. గ్యాస్ ఫర్నేసు ఉన్న ఇంట్లో నేల కోసం వేరే బాయిలర్ పెట్టాలి, అప్పుడు ఆదా కన్నా ఖర్చే ముందు కనిపిస్తుంది. ఇల్లంతా విద్యుత్ తీగల చాపలతో వేడిచేయడం మాత్రం ఎక్కడా మంచి బేరం కాదు. ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే వస్తుంది. అదే చాప స్నానాలగదికి చక్కగా సరిపోతుంది. మూడు చదరపు మీటర్ల చాప 450 వాట్లు తీసుకుంటుంది, రోజుకు రెండు గంటలు నడిపితే ఒక యూనిట్ లోపే. తలస్నానం చేసి తడికాళ్ళతో చల్లటి టైల్ మీద అడుగుపెట్టే బాధ అంత తక్కువతో తీరిపోవడం బాగుంది.

నాలుగోది నేల మీద పరిచేది. రాయి, టైల్ వేడిని త్వరగా పైకి పంపుతాయి. చెక్క నేలను సాధారణంగా 27 డిగ్రీలు దాటనివ్వరు. పొరలు పొరలుగా అతికిన చెక్క ఓర్చుకుంటుంది, అఖండ చెక్క ఎండి సందులు పడుతుంది. మందపాటి తివాచీ పరిస్తే గొట్టాలు పెట్టించిన ఫలితం సగం పోతుంది. ఇక్కడే కూచిపూడి పేరుతో ముడిపడిన ఒక విషయం ఉంది. అమెరికాలో ఎందరో కూచిపూడి నాట్యగురువులు ఇంటి బేస్‌మెంటులోనే పిల్లలకు అడుగులు నేర్పుతారు. భూమిలోకి దిగిన ఆ గది కాంక్రీటు నేల శీతాకాలంలో వట్టి పాదాలకు మంచుగడ్డలా తగులుతుంది, కాబట్టి గొట్టాలు వేయించాలన్న కోరిక కలుగుతుంది. కానీ నేలను బలంగా తట్టే నాట్యానికి కావలసింది అదురును మింగే నేల, కింద రబ్బరు దిండ్లో గాలి ఖాళీయో ఉన్న చెక్క పలకలు. ఆ ఖాళీయే వేడిని పైకి రానివ్వదు. రెండూ ఒకేచోట కుదరవు, ఎంచుకోవాల్సి వస్తే పిల్లల మోకాళ్ళనూ మడమలనూ కాపాడే నేలనే ఎంచుకోవాలి. తాళం మొదలైన కాసేపటికి ఒళ్ళు తనంతట తానే వెచ్చబడుతుంది. గది గాలిని 18, 19 డిగ్రీల దగ్గర ఉంచే మామూలు హీటరు చాలు. కాంక్రీటు మీదే టైల్ పరిచి కింద గొట్టాలు వేయించి అక్కడ నాట్యం నేర్పడం, హాయిగా అనిపించినా, పెరిగే ఎముకలకు మంచిది కాదు.

ఐదోది ఓపిక. ఆరేడు సెంటీమీటర్ల గచ్చు వెచ్చబడటానికి కొన్ని గంటలు పడుతుంది, చల్లబడటానికీ అంతే. పొద్దున ఆఫీసుకు పోతూ ఆపి, సాయంత్రం వచ్చి వేసే అలవాటుకు ఇది లొంగదు. రోజంతా ఇంట్లో మనుషులుండే కుటుంబానికి, తాతయ్యలూ అమ్మమ్మలూ ఆరేసి నెలలు వచ్చి ఉండే ఇంటికి ఇది బాగా సరిపోతుంది. వారానికి రెండు రోజులే వాడే అతిథుల గదికి దండగ.

వేయించాలని నిశ్చయించాక జాగ్రత్తలు కొన్నే గానీ ఒక్కటి తప్పినా సరిదిద్దడం కష్టం. ముందు ఇల్లు ఎంత వేడి పోగొట్టుకుంటుందో గది గదికీ లెక్క వేయించాలి. అది చదరపు మీటరుకు 100 వాట్లు దాటిన గదికి ముందుగా గోడలూ కిటికీలూ బాగుచేయాలి. గొట్టాల కిందా, గచ్చు గోడను తాకే అంచుల్లోనూ ఇన్సులేషన్ ఉండాలి. ఒక్కో గొట్టపు చుట్ట 100 మీటర్లు దాటకుండా, మధ్యలో అతుకు లేకుండా చూడాలి. గచ్చు పోసేటప్పుడు గొట్టాల్లో నీటిని ఒత్తిడితో నింపి ఉంచితే, పని జరుగుతుండగా ఎక్కడైనా చిల్లు పడితే వెంటనే మీటరులో తెలిసిపోతుంది. సిమెంటు గచ్చు మొదటి 40 మిల్లీమీటర్ల వరకు రోజుకు మిల్లీమీటరు చొప్పున, ఆపైన ఇంకా నెమ్మదిగా ఆరుతుంది. అది ఆరకముందే వేడినీరు వదిలితే పగుళ్ళు వస్తాయి, ఆరాక కూడా రోజుకు కొద్ది డిగ్రీలు చొప్పునే పెంచాలి. అన్ని చుట్టలూ కలిసే మానిఫోల్డును అలమర వెనుక కాకుండా చేతికి అందే చోట పెట్టించాలి. గచ్చు పోయకముందే ప్రతి గదిలో టేపు పరిచి కొలతలు కనిపించేలా ఫొటోలు తీయించి, ఇంటి కాగితాలతో పాటు దాచాలి. పూజామందిరానికో తలుపు స్టాపరుకో తరువాత ఎవరైనా నేలకు డ్రిల్లు పెట్టబోయినప్పుడు ఏ గొట్టం ఎక్కడుందో చెప్పేవి అవే.